నాలుగున్నర జానల తుపాకీ

పాలగిన్నె మీద మూత దానంతటదే గలగలమంది. స్టవ్ ఇంకా వెలిగించలేదు. అగ్గిపుల్ల నా చేతిలోనే ఉంది. గోడ గడియారంలో ఐదూ పది. ఆగస్టు రెండు, గురువారం. ప్రమాదం వచ్చిందని నాకు తెలిసింది సరిగ్గా అప్పుడు. రేడియో చెప్పింది గంట తర్వాత.

కిటికీ తెర తీశాను. హవల్లీలో మా వీధి రెండు కార్లు పక్కపక్కన పోయేంత వెడల్పు. అందులోకి ఒక టాంకు దూరింది. దాని వెనక ఇంకొకటి. రెండోది మలుపు తిరగలేక, పక్కన నిలిపిన తెల్లకారును అప్పడంలా నలిపి పోయింది. టాంకు పైన కూర్చున్న సైనికుడు వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. బాగ్దాద్ నుంచి వచ్చి గెలిచిన సైన్యాన్ని నేను మొదటిసారి చూడటం అదే. బండి తిప్పడం రాని సైన్యం.

నేను సైనికురాలిని కాను. కడపలో బి.ఎస్‌సి. చదివే రోజుల్లో మూడేళ్లు క్యాడెట్‌గా ఖాకీ వేసుకున్నాను. క్యాంపులో ఇరవై అయిదు గజాల నుంచి అయిదు తూటాలు కాల్చాను. అయిదూ అరచేయంత చోట పడ్డాయి. బోల్టు తుపాకీని కళ్లకు గంతలు కట్టుకుని విప్పి, మళ్లీ బిగించగలను. పెళ్లయ్యాక ఆ చదువుతో ఎవరికీ పని పడలేదు. మా ఆయన ఏసీ సామాన్ల గోడౌనులో లెక్కలు రాస్తారు. నేను పిల్లలతో కువైట్‌లో దిగి అప్పటికి పద్నాలుగు నెలలు. పాప చిన్నికి ఆరేళ్లు. బాబుకు పది నెలలు. మూడో అంతస్తులో రెండు గదులు. నా డ్యూటీ అక్కడే. యాభై తొమ్మిది రోజులు. ఊళ్లో అందరూ మగవాళ్ల కథలు విన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు. ఎండ నలభై ఎనిమిది. కరెంటు ఉంటుంది, పోతుంది. కుళాయి పొద్దున రెండు గంటలు. స్నానాల తొట్టి నిండా నీళ్లు, రెండు బస్తాల బియ్యం, పది కిలోల కందిపప్పు, మా అమ్మ పెట్టిచ్చిన మామిడి ఊరగాయ జాడీ. గ్యాసు అయిపోతుందని బాల్కనీలో విరిగిన కుర్చీల కట్టెలు పోగేశాను. బయట సైనికులు దుకాణాల తలుపులు పీకి టీవీలు, పంకాలు, చివరికి బాత్రూము కుళాయిలు కూడా లారీలకెక్కించుకుంటున్నారు. ఒక దేశాన్ని ఆక్రమించడానికి వచ్చి కుళాయి విప్పుకుపోయేవాడిని ఏమనాలో నాకు తెలుగులో మాట దొరకలేదు.

తొమ్మిదో రోజు గంగులమ్మ వచ్చింది. రాయచోటి పక్క పల్లె. రుమైథియాలో ఒక పెద్దింట్లో పనిచేసేది. ఆ ఇంటివాళ్లు తెల్లారేలోగా సరిహద్దు దాటిపోయారు. మనవాళ్లను వెతుక్కుంటూ రుమైథియా నుంచి హవల్లీకి ఎండలో నడిచి వచ్చింది.

"మా మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, తాళాలు నా చేతికిచ్చి 'ఇల్లు జాగ్రత్త' అని కారెక్కింది పాపా," అంది నాతో, నీళ్లు తాగి. "పదారు గదుల ఇల్లు. నన్ను యాడికి పొమ్మంటివని అడిగితే, బిడ్డలు ఏడుస్తాండారు, తర్వాత మాట్లాడదామనింది. ఆ తర్వాత ఎప్పుడొస్తాదో ఏమో!"

ఆ రోజు నుంచి మా ఇంట్లోనే ఉంది.

మూడో వారంలో తుపాకీ వచ్చింది. తెచ్చింది డ్రైవరు. రాజంపేట మనిషి. మొదటి అంతస్తులో ఇంకో నలుగురితో ఉండేవాడు. అతను నడిపే కంపెనీ కారును సైనికులు లాక్కుపోయారు. అప్పటి నుంచి మీసం తిప్పడం ఎక్కువైంది. ఒక సాయంత్రం గోనెసంచిలో చుట్టిన వస్తువును మా వంటింటి బల్ల మీద పెట్టి, పెళ్లికూతురి ముసుగు తీసినట్టు తీశాడు.

"చూడక్కా. పొట్టి తుపాకీ. సందుల్లో కూడా తిప్పచ్చు. అగ్గువ బేరం. ఒక బియ్యం మూటకు వచ్చె."

"ఎవరి బియ్యం?"

"అందరిదీ కలిపి ఉండాది గదా, ఆ మూట."

బియ్యమిచ్చి ఇనుము తెచ్చిన మగవాడిని అంతకు ముందు చూడలేదు. వెనక మా ఆయన, ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. అందరి కళ్లల్లోనూ కొత్త సైకిలు చూసినవాళ్ల మెరుపు. నేను గరిటె పక్కన పెట్టి తుపాకీ చేతిలోకి తీసుకున్నాను.

నా జానతో నాలుగున్నర జానలు. మూడు కిలోల బియ్యమంత బరువు. తయారైనప్పుడు అది పొట్టిది కాదు. గొట్టం చివర ఎవరో రంపంతో కోశారు. ఆకురాయి కూడా పట్టలేదు, అంచు వేలికి గుచ్చుకుంది. గురి చూడటానికి గొట్టం కొసన నిలబడే సైటు కోసిన ముక్కతో పాటే పోయింది. అంటే ఈ తుపాకీతో గురి చూడలేరు. తూటా ఎక్కించే బోల్టు వెనక్కి లాగాను. రాలేదు. అరచేత్తో కొడితే వచ్చింది. బోల్టు మీద అంకెలు వేరు, ఒంటి మీద అంకెలు వేరు. రెండు తుపాకీల శవాలను కలిపి కట్టిన బొమ్మ. కాల్చిన తూటా డొల్లను బయటికి లాగే కొక్కెం విరిగి ఉంది. ఒకటి పేలిస్తే, రెండోది పెట్టే ముందు ఆ డొల్లను ఊచతో పొడిచి తీయాలి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కాను. టక్కుమంది, అంటే సేఫ్టీ కూడా పనిచేయదు. తూటాలు అయిదు. రెండింటికి పచ్చ చిలుము. ఒకటి మిగతా వాటికంటే పొడుగు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. తుపాకీ కట్టె మంచిది. భుజానికి వేసుకునే తోలుపట్టీ కూడా మంచిది.

"ఇది పేలితే ఎదుటివాడికి తగలదు," అన్నాను. "కాల్చినవాడి మొహం పోతుంది."

డ్రైవరు నవ్వాడు. "కాలేజీలో నేర్పిన తుపాకీ వేరు, యుద్ధంలో తుపాకీ వేరు లేక్కా. చూస్తానే బెదిరిపోవల్ల, అంతే."

"నువ్వెన్ని యుద్ధాలు చేసినావన్నా?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. అది నన్ను ఆపడానికి.

అప్పటికి వారం ముందే సైనికులు జీపులో లౌడ్‌స్పీకరు పెట్టుకొని తిరిగారు. కింద కొట్టు పెట్టుకున్న టైలరు భాయి, రాయచోటి ఆయన, ఆ అరబ్బీ మాటలు మాకు తెలుగులో చెప్పాడు. ఆయుధం దొరికిన ఇంట్లో మగవాళ్లను గుమ్మం ముందే కాలుస్తారు. ఇల్లు తగలబెడతారు. మా వెనక వీధిలో అలా ఒక ఇల్లు మూడు రోజులు పొగలు కక్కింది. బల్ల చుట్టూ నిలబడిన ఆరుగురికీ ఆ సంగతి తెలుసు. ఆరుగురూ తుపాకీ ఉంచాలన్నారు. గుమ్మంలో నిలబడిన భాయి ఒక్కడే వద్దన్నాడు.

"ఇది మిమ్మల్ని కాపాడదు. మిమ్మల్ని పట్టిస్తుంది," అన్నాడు.

"భాయీ, నీకు సూది చాలు. మాకు ఇది గావల్ల," అన్నాడు డ్రైవరు.

ఆర్డర్లు తయారయ్యాయి. చీకటి పడ్డాక డాబా మెట్ల దగ్గర కాపలా. మనిషికి రెండు గంటలు. కింది గేటు నుంచి పై గదులకు ఇంటర్‌కమ్. పగలు తుపాకీ బయట కనపడకూడదు. చివరి డ్యూటీ చేసినవాడి ఇంట్లో ఉండాలి. చివరి డ్యూటీ, నాలుగు నుంచి ఆరు, మా ఆయనది. అంటే ప్రతి పగలూ అది మా ఇంట్లోనే.

"మా ఇంట్లోనే ఎందుకు?" అని అడిగాను.

"మీ ఇంట్లో చిన్నబిడ్డలుండారు గదక్కా," అన్నాడు డ్రైవరు. "బిడ్డలుండే ఇంటిని వాళ్లు అంతగా సోదా చెయ్యరు."

ఆ మాట అతను దాచుకోకుండా అన్నాడు. మా ఆయన విన్నారు. తల ఊపారు. ఆరుగురి ధైర్యం పగలంతా నా మంచం కింద, పసివాడి బట్టల మూట వెనక పడుకునేది. ఆరుగురూ పగలు హాయిగా నిద్రపోయేవారు. నేను మాత్రం కింద ఏ బండి ఆగినా కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని.

ఆయనతో ఒకసారే గొడవపడ్డాను.

"పిల్లి మీద దూకితే కేకపెట్టే మనిషివి. నీకెందుకీ తుపాకీ?"

"అందరూ కూర్చుంటాండారు. నేనొక్కణ్ణి కూర్చోకపోతే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారో అని పిల్లల మంచం కింద చావు పెడతావా?"

డ్యూటీలో ఆయన చేసిందేమిటో నాకు తెలుసు. ఇంటర్‌కమ్ మా వంటింట్లోనే ఉంది; మోగితే ఆయన మెట్లు దిగొచ్చి ఎత్తేవారు.

"పైన ఎట్లుండాది?" కింద నుంచి డ్రైవరు.

"ఏం లేదు. దోమలు."

"కొట్టు. తూటా ఖర్చు పెట్టబాకు."

యుద్ధకాలంలో మా భవనం నుంచి నడిచిన సైనిక సంభాషణ మొత్తం ఇదే తరహా.

దసరా వచ్చింది. నవమి రోజు మా సీమ డ్రైవర్లు బండి కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొడతారు. ఇక్కడ బండి లేదు. గుమ్మడికాయ లేదు. డ్రైవరు ఊరుకోలేదు.

"బండి పోతే పోయ, ఈ తూరి నిజమైన ఆయుధమే ఉండాది. పూజ తప్పగూడదు. కుంకుమ ఇయ్యక్కా."

ఇచ్చాను. అది నా తప్పు. పండుగ పూట కుంకుమ లేదనడానికి నోరు రాలేదు. మెట్ల కింద తుపాకీని పీట మీద పెట్టి, పసుపు రాసి, గొట్టం నోటికి దట్టంగా కుంకుమ పెట్టి, హారతి ఇచ్చారు. గుమ్మడికాయ బదులు పుచ్చకాయ తెచ్చారు. దానికి రంధ్రం పెట్టి, నా కుంకుమ భరిణె అందులో ఒంపి, మూడుసార్లు దిష్టి తిప్పి, గేటు ముందు మెట్టు మీద ఫెడీమని కొట్టారు. ఎర్రటి గుజ్జు మెట్టు మీదా, గోడ మీదా చిమ్మింది.

"కడగండి," అన్నాను పై నుంచి.

"దిష్టి తీసింది కడగగూడదక్కా. పైగా నీళ్లు యాడుండాయి?"

ముక్కలను పిల్లులు లాక్కుపోయాయి. ఎరుపు మిగిలింది. ఎండకు నల్లబడి మెట్టుకు అతుక్కుపోయింది.

మరునాడు పొద్దున మా ఆయనా డ్రైవరూ సాల్మియా పోయారు. మనవాళ్లను బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు తీసుకుపోయే బస్సులకు అక్కడ ఒక బడి దగ్గర పేర్లు రాస్తున్నారు. తుపాకీ మామూలుగా నా మంచం కింద. పదీ ఇరవై. ఇంటర్‌కమ్ మోగింది. టైలరు భాయి.

"చెల్లెమ్మా, అయిదుగురొచ్చినారు. మెట్టు మీద ఎరుపు జూసి నెత్తురంటాండారు. దెబ్బ తిన్నోణ్ణి ఎవర్నో లోపల దాచినారంట. పుచ్చకాయంటే నవ్వుతాండారు. కింద నుంచి ఒక్కో ఇల్లూ చూస్తారు. నేను మాటల్లో పెడతా. త్వరగా."

ఇంటర్‌కమ్ పెట్టేశాను. మంచం కిందికి దూరాను. బయటికి విసిరేద్దామంటే కిటికీ కింద జీపు ఉంది. బోల్టు వెనక్కి లాగి, ట్రిగ్గర్ నొక్కి పట్టి, బయటికి తీశాను. ఈసారి ఒక్క దెబ్బకే వచ్చింది. అయిదు తూటాలూ బోల్టూ గంగులమ్మ చేతిలో పెట్టాను. ఆమె ఊరగాయ జాడీలో మోచేయి దాకా చేయి పెట్టి అడుగుకు దించింది. మరలు తిప్పడానికి వంద ఫిల్సుల బిళ్ల కోసం వెతికాను. కనపడలేదు. కత్తి మొనతో కింది మరలు రెండూ తిప్పాను. ఒకటి తిరగలేదు. మళ్లీ తిప్పాను. కత్తి మొన విరిగింది. మర కదిలింది. కట్టె, గొట్టం వేరుపడ్డాయి. గంగులమ్మ కట్టె అందుకొని బాల్కనీలో కుర్చీ కాళ్ల మధ్య పడేసింది.

గొట్టం మిగిలింది. కాళ్ల చప్పుడు రెండో అంతస్తులో.

గది మధ్యలో బాబు చీర ఉయ్యాల. ఉయ్యాల విప్పారి ఉండటానికి పైన మడతల మధ్య అడ్డంగా ఒక కర్ర పెడతాం. ఆ కర్ర లాగి కట్టెల్లోకి విసిరాను. గొట్టానికి తువ్వాలు చుట్టి అదే చోట గుచ్చాను. ఒక పక్క బరువెక్కి ఉయ్యాల వంగింది. బాబును ఇటు జరిపాను. నిలబడింది. చిన్ని గోడకు ఆనుకొని అంతా చూస్తోంది.

"ఇట్ల రా. ఉయ్యాల ఊపు. ఎవరేమడిగినా ఊపుతానే ఉండు."

తలుపు బాదారు.

అయిదుగురు. ముందు ఒక ఆఫీసరు, ఇస్త్రీ చొక్కా, చంకలో ఇరికించుకున్న చిన్న కర్ర. వాడు గది మధ్యలో నిలబడి మూతి ముడుచుకున్నాడు, ఇంత పేదింటి సోదా తన హోదాకు తక్కువన్నట్టు. మిగతావాళ్లు పరుపు తిరగేశారు. బట్టలు నేల మీద పోశారు. ఒకడు మా రేడియో చంకన పెట్టుకున్నాడు. ఇంకొకడు మా ఆయన కొత్త చొక్కాను తన ఛాతీకి ఆనించి కొలత చూసుకున్నాడు. మూడోవాడు వంటింట్లో ఊరగాయ జాడీ మూత తీసి, ఘాటుకు మూడు తుమ్ములు తుమ్మి, మూత పెట్టకుండా వచ్చేశాడు.

ఆఫీసరు గంగులమ్మను మెట్టు మీది ఎరుపు గురించి అడిగాడు. ఆమెకు పనిచేసిన ఇంట్లో నేర్చిన అరబ్బీ బాగా వచ్చు.

"రగ్గీ, రగ్గీ," అంది, చేతులతో పుచ్చకాయ గుండ్రం చూపించి. పగలగొట్టినట్టు నేలకేసి కొట్టింది. తర్వాత నావైపు తిరిగి తెలుగులో, "ఈ మొగోళ్ల పూజల మొగాన మన్నుబొయ్య," అంది.

అప్పుడు బాబు ఏడుపు అందుకున్నాడు. చిన్ని ఊపుతూనే ఉంది, కానీ ఉయ్యాల అడ్డదిడ్డంగా పోతోంది. అయిదుగురిలో కుర్రవాడు ఒకడు, బూట్లు రెండు సైజులు పెద్దవి, తుపాకీని వీపుకు తోసుకొని ముందుకొచ్చాడు. చిన్ని చేయి మెల్లగా తీసి తను ఊపడం మొదలుపెట్టాడు. అలవాటున్న చేయి. బాబు ఆగాడు. ఊపులో తువ్వాలు సడలి, గొట్టం నోటి నుంచి కుంకుమ రాలింది. బాబు బుగ్గ మీద పడింది. సైనికుడు బొటనవేలితో తుడిచాడు. వేలి మీది ఎరుపు చూశాడు. తలెత్తి అది ఎక్కడి నుంచి రాలిందో చూశాడు. చేయి పైకి పోయి తువ్వాలు మీద ఆగింది. ఇనుము కట్టెలా ఉండదు. తుపాకీ మోసేవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

నన్ను చూశాడు. నేను వాడిని చూశాను. ఎంతసేపో చెప్పలేను. గడియారం అప్పటికే వాళ్ల సంచిలో ఉంది.

ఆఫీసరు గుమ్మం దగ్గరి నుంచి ఏదో అరిచాడు.

"మాకూ షీ," అన్నాడు కుర్రవాడు. ఏమీ లేదు అని. తువ్వాలు కొసను లోపలికి దోపాడు. ఇంకోసారి ఊపి, వెళ్లిపోయాడు.

ఆ రెండు నెలల్లో నేను చూసిన ఆయుధాలు పట్టిన మగవాళ్లందరిలో, ఇటువైపూ అటువైపూ, నాకు రోత పుట్టించని వాడు ఒక్కడే. అతని పేరు తెలియదు.

సాయంత్రం నాలుగున్నరకు మావాళ్లు తిరిగొచ్చారు. గది నిండా బట్టలు, పరుపు దూది. డ్రైవరు గుమ్మంలోనే అడిగాడు.

"తుపాకీ యాడుండాదక్కా? కొంచబోయినారా?"

పిల్లలెట్లా ఉన్నారని అడగలేదు. గంగులమ్మ చేతిలోని చీపురు కింద పెట్టింది.

"ఒరే నాయనా, ఉండాది. సగం ఊరగాయలో, సగం పొయ్యికట్టెల్లో, సగం పసిబిడ్డ నెత్తి మీద. ఏ సగానికి మొక్కుతావో మొక్కుకో."

అతను నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి మానుకున్నాడు. మా ఆయన ఉయ్యాల దగ్గరికి పోయి తువ్వాలు తాకారు. వెంటనే నేల మీద కూర్చుండిపోయారు. ఎండకు ఆయన మెడా ముక్కూ పొక్కులెత్తి ఉన్నాయి. చేతిలో నలిగిన కాగితం. మా నలుగురి పేర్లూ, గంగులమ్మ పేరూ ఉన్న బస్సు కాగితం. ఆరు గంటలు వరుసలో నిలబడ్డారట. మధ్యలో నీళ్లకు కూడా పక్కకు పోలేదట. అది డ్రైవరు చెప్పాడు, ఆయన చెప్పలేదు.

చీకటి పడే ముందే భాయీ గంగులమ్మా వెనక సందులో మురుగు గుంత మూత ఎత్తారు. గొట్టం, బోల్టు, తూటాలు ఒక్కొక్కటే లోపలికి పోయాయి. కట్టెతో మర్నాడు అన్నం వండాను. మంచి కట్టె అని ముందే చెప్పాను. బాగా మండింది.

రెండో రోజు ఉదయం ఆరుకు బస్సు; గంగులమ్మా డ్రైవరూ కూడా అందులోనే. భాయి రాలేదు, కొట్టు వదిలి రానన్నాడు. బస్రా దాటేసరికి మధ్యాహ్నం. బాగ్దాద్‌లో రోడ్డు పక్కన ఒక పూట. సరిహద్దు దగ్గర ఇసుకలో గుడారాల మధ్య నాలుగు రోజులు. మనిషికి రోజుకు రెండు సీసాల నీళ్లు. నా వాటా సగం పిల్లలకు, మా ఆయన వాటా సగం నాకు. అమ్మాన్‌లో విమానం. బొంబాయిలో వాన. రైలు. కడప స్టేషనులో దిగినప్పుడు మా దగ్గర ఒక సంచీ, ఉయ్యాల చీర.

ఇప్పటికీ కళ్లు మూస్తే నాకు టాంకులు కనపడవు. ఎర్రబడిన ఒక బొటనవేలు, తువ్వాలు మీద ఆగి ఉంటుంది. అది కదిలేలోపు మెలకువ వస్తుంది. లేచి పిల్లల ఊపిరి చూసుకుంటాను.

వచ్చిన సాయంత్రం మా అమ్మవాళ్ల ఇంటి ముందు వీధంతా చేరింది. డ్రైవరు కూడా రాజంపేట బస్సు ఎక్కకుండా మాతోనే వచ్చాడు. చాపలు వేశారు. అతను మొదలుపెట్టాడు. ఆరుగురం, ఒక తుపాకీ, రాత్రంతా కాపలా. "మా బిల్డింగు మీద చెయ్యేసే మొగోడు ల్యాకపోయ," అన్నాడు. అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన తల వంచుకొని టీ తాగారు. చిన్ని ఆయన ఒళ్లో కూర్చొని నోరు తెరిచి వింది.

మరునాడు పొద్దున తల దువ్వుతుంటే అడిగింది.

"అమ్మా, నాయన తుపాకీ పట్టుకొని మనల్ని కాపాడినాడంట కదా?"

బాబు నా కాళ్ల దగ్గర కూర్చొని దువ్వెన నోట్లో పెట్టుకుంటున్నాడు. ఇద్దరినీ నా వైపు తిప్పుకున్నాను. వాడికి అర్థం కాదని తెలుసు. అయినా ఇద్దరికీ చెప్పాను.

"మీ నాయన ఎండలో ఆరు గంటలు నిలబడి బస్సులో మనకు చోటు తెచ్చినాడు. ఎవరైనా అడిగితే అది చెప్పు. తుపాకీ మనల్ని కాపాడలేదు తల్లీ. మనమే దాన్ని కాపాడినాం."